సీపీఎల్ వచ్చింది, ఇప్పుడు ఎ320 టైప్ రేటింగ్‌కి ఇంకో అప్పు చేయాలా?

నాచారం_208

అందరికీ నమస్తే. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేతికొచ్చింది. మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐఆర్, బయట కనపడకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత) రెండూ లైసెన్సు మీద ఎక్కాయి. మొత్తం ఎగిరింది 208 గంటలు, అందులో మల్టీ ఇంజిన్ 15. క్లాస్ 1 మెడికల్‌కి ఏడు నెలలు, ఐఆర్‌కి ఐదు నెలలు గడువుంది. ఇప్పటిదాకా ఖర్చు 52 లక్షలు, అందులో 30 లక్షలు బ్యాంకు లోను.

ఒక కన్సల్టెన్సీ వాళ్లు 20 లక్షలకి ఎ320 టైప్ రేటింగ్ (ఆ ఒక్క రకం విమానం నడిపే అర్హత) చేయించి "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" ఇస్తామంటున్నారు. పేపర్లేమో దేశానికి వేల మంది పైలట్లు కావాలని రాస్తున్నాయి. అదే నిజమైతే సీపీఎల్ పట్టుకుని ఏడాది, రెండేళ్లు ఖాళీగా ఉన్నవాళ్లు ఇంతమంది ఎందుకున్నారు? టైప్ రేటింగ్ ముందే చేస్తే లైన్లో ముందుకెళ్తానా? లేకపోతే ఈలోపు ఇన్‌స్ట్రక్టర్‌గా చేరడం మేలా? ఫీల్డులో ఉన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "కలలు నిజమవుతాయి బ్రో" రకం రిప్లైలు వద్దు, ప్లీజ్.

కుడిసీటు

ముందు ఆ "వేల మంది పైలట్ల కొరత" సంగతి చూద్దాం. మిగతా ప్రశ్నలన్నీ దానిమీదే ఆధారపడ్డాయి.

కొరత ఉంది, అబద్ధం కాదు. కానీ ఆ కొరత ఎడమ సీటులో, అంటే కెప్టెన్లలో. 2025 నవంబర్ 1న కొత్త డ్యూటీ టైమ్ నిబంధనల రెండో విడత అమల్లోకి వచ్చి, డిసెంబర్ మొదట్లో ఇండిగో వేల ఫ్లైట్లు రద్దు చేసింది గుర్తుందిగా? అప్పుడు బయటికొచ్చిన లెక్క చూడు. వాళ్ల ఎ320 ఫ్లీట్‌కి కావలసిన కెప్టెన్లు 2,422, ఉన్నది 2,357. ఫస్ట్ ఆఫీసర్లు (కో-పైలట్లు) కావలసింది 2,153, ఉన్నది 2,194. అంత గందరగోళంలోనూ ఫస్ట్ ఆఫీసర్లు అవసరానికి మించే ఉన్నారు. నువ్వు పోటీ పడేది ఆ రెండో వరసకి.

కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు) ఉండాలి. దానికి 1,500 గంటలు, పరీక్షలు, పైన కంపెనీ కమాండ్ ట్రైనింగ్. ఈరోజు సీపీఎల్ తీసుకున్నవాడు రేపు ఆ ఖాళీ నింపలేడు. అందుకే కంపెనీలు విదేశీ కెప్టెన్లని ఫాటా (విదేశీ పైలట్లకిచ్చే తాత్కాలిక అనుమతి) మీద తెచ్చుకుంటాయి. విదేశీ ఫ్రెషర్ కో-పైలట్‌ని తెచ్చుకోవు, ఎందుకంటే ఇక్కడే కావలసినంత మంది ఉన్నారు.

ఎంతమంది అంటే, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2022లో 1,165 సీపీఎల్‌లు ఇచ్చింది, 2023లో 1,622. విదేశాల్లో శిక్షణ చేసి ఆ లైసెన్సుని ఇక్కడిదిగా మార్చుకునేవాళ్లూ ఈ లైన్లోకే వస్తారు. 2023 మే 3న గో ఫస్ట్ ఎయిర్‌లైన్ ఆగిపోయినప్పుడు ఎ320 అనుభవం ఉన్న ఫస్ట్ ఆఫీసర్లు ఒక్కసారిగా మార్కెట్లోకి వచ్చారు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడూ అంతే. అనుభవం ఉన్నవాడు పక్కన నిలబడితే 208 గంటల ఫ్రెషర్‌ని ఏ కంపెనీ ముందు పిలుస్తుంది?

మరి కొత్త విమానాల ఆర్డర్ల మాట? ఎయిర్ ఇండియా 470 (2023 ఫిబ్రవరి), ఇండిగో 500 (2023 జూన్), ఆకాశ 150 (2024 జనవరి). ఇవన్నీ నిజమే. కానీ ఆర్డర్ అంటే డెలివరీ కాదు. ఒక్కో ఎ320కి అయిదారు సెట్ల (కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్ కలిపి ఒక సెట్) పైలట్లు కావాలని లెక్క వేసుకుంటారు. విమానం ఏడాది ఆలస్యంగా వస్తే ఆ బ్యాచ్ రిక్రూట్‌మెంట్ కూడా ఏడాది వెనక్కి జరుగుతుంది. విమానాలు వచ్చాక కూడా కొత్తవాళ్లకి లైన్ ట్రైనింగ్ (ప్రయాణికులున్న ఫ్లైట్లలో ఇచ్చే శిక్షణ) ఇవ్వాల్సింది ట్రైనింగ్ కెప్టెన్లే. వాళ్లు మామూలు కెప్టెన్ల కన్నా తక్కువ. అసలు ఇరుకు అక్కడే ఉంది. నెలకి ఎంతమంది ఫ్రెషర్లని తీసుకోగలరో ఆ సంఖ్య తేలుస్తుంది, పేపర్లో హెడ్‌లైన్ కాదు.

ఇంకోటి, క్యాడెట్ ప్రోగ్రాములు, అంటే ఎయిర్‌లైనే ఎంచుకుని మొదటినుంచి ట్రైనింగ్ ఇప్పించే పథకాలు. కోటికి అటూ ఇటూ ఖర్చయినా వాళ్లకి కంపెనీ నుంచి షరతులతో కూడిన లెటర్ ముందే ఉంటుంది. కాబట్టి ఖాళీల్లో కొన్ని పుట్టకముందే నిండిపోయాయి. నీలాంటి ఓపెన్ సీపీఎల్ వాళ్లకి మిగిలేది ఆ తర్వాతి వాటా.

ఇక టైప్ రేటింగ్. ఉద్యోగం లేకుండా సొంత డబ్బుతో ఎ320 చేయడం అంటే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. కారణాలు చెప్తా.

టైప్ రేటింగ్‌లో రెండు వారాల పైచిలుకు గ్రౌండ్ స్కూల్, తర్వాత కదలని సిమ్యులేటర్ సెషన్లు, ఆపైన ఫుల్ ఫ్లయిట్ సిమ్యులేటర్ సెషన్లు ఉంటాయి. సెషన్ నాలుగు గంటలు, ఇద్దరు పంచుకుంటారు. చివర్న స్కిల్ టెస్ట్. అక్కడికి సిమ్యులేటర్ పని పూర్తి. కానీ నీలాంటి తక్కువ గంటల పైలట్‌కి నిజం విమానం మీద, ప్రయాణికులు లేకుండా, టేకాఫ్‌లు ల్యాండింగులు చేయించాలి. దాన్ని బేస్ ట్రైనింగ్ అంటారు. ఆ విమానం ఉండేది ఎయిర్‌లైన్ దగ్గర, కన్సల్టెన్సీ దగ్గర కాదు. కాబట్టి 20 లక్షలు కట్టాక నీ చేతికొచ్చేది లైసెన్సు మీద ఎండార్స్‌మెంటా (ఆ రేటింగ్ లైసెన్సుకి ఎక్కడం), సిమ్యులేటర్ కోర్సు సర్టిఫికెట్టా అన్నది మొదటి ప్రశ్న. "ఎండార్స్‌మెంట్ అయ్యాకే చివరి విడత కడతాను" అను. అక్కడే చాలామంది గొంతు మారుతుంది.

రెండోది, అది నిలవుండే సరుకు కాదు. ఎయిర్‌లైన్‌లో ఉన్నవాళ్లకే ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో ప్రొఫిషియన్సీ చెక్ ఉంటుంది. ఖాళీగా ఉంటే గడువు దాటిపోతుంది, మళ్లీ రిఫ్రెషర్‌కి డబ్బు.

మూడోది, నువ్వు ఎ320 చేసి కూర్చుంటే రేపు పిలిచే కంపెనీ బోయింగ్ 737ది కావచ్చు, ఏటీఆర్ అనే ప్రొపెల్లర్ విమానానిది కావచ్చు. ఆకాశ మొత్తం 737 మ్యాక్స్. అలయెన్స్ ఎయిర్, ఫ్లై91 ప్రధానంగా ఏటీఆర్. నీ 20 లక్షలు ఒకే తలుపుకి తాళంచెవి.

టైప్ రేటింగ్ ఉన్నవాళ్లనే పిలిచే నోటిఫికేషన్లు వస్తాయి, ఆ మాట దాచను. అవి వచ్చినప్పుడు చేతిలో రేటింగ్ ఉన్నవాడికి లాభమే. కానీ వాటిలో ఎక్కువ భాగం టైప్ మీద గంటలు కూడా అడుగుతాయి. సున్నా గంటల రేటింగ్‌ని తీసుకునే నోటిఫికేషన్ నీ కళ్లముందు ఓపెన్‌గా ఉంటే అప్పుడు ఆలోచించు. లేకపోతే సెలెక్షన్ అయ్యాక, లెటర్ చేతిలో పడ్డాక, కంపెనీ చెప్పిన చోటే చెయ్యి.

బేగంపేట_బ్రీఫింగ్

కుడిసీటు అన్న చెప్పినదాంట్ల తప్పేం లేదు. నేను ఇన్‌స్ట్రక్టర్ ముచ్చట చెప్త.

తమ్మీ, ముందుగాల నీ ఐఆర్ సంగతి చూస్కో. అయిదు నెలలంటే చానా ఉన్నట్టే కొడ్తది, గనీ ఉండది. ఐఆర్ 12 నెలలకోసారి రెన్యూ జేస్కోవాలె. గడువు లోపల చెక్ ఇస్తే ఒక్క చెక్‌తోని అయిపోతది. దాటినంక ఎంత లేటైతే గంత ఎక్స్‌ట్రా ట్రైనింగ్ పెడ్తరు. మల్టీ ఇంజిన్ గంట అంటే మామూలు రేటు గాదు, పదుల వేలల్ల ఉంటది. ఇంకోటి, మల్టీ విమానాలు తక్కువ, ఎగ్జామినర్లు తక్కువ. వానాకాలంల మబ్బు కిందికి దిగిందంటే వారాలు వారాలు పోతయి. బేగంపేటల అయితే వీఐపీ మూవ్‌మెంట్ ఉన్న దినం ఫ్లయింగ్ ఆగుతది. గందుకే గడువుకు రెండు నెలల ముందే స్లాట్ పట్టుకో.

మెడికల్ గూడ గంతే. క్లాస్ 1 ఏడాదికోసారి. అపాయింట్‌మెంట్ దొరుకుడే ఆలస్యం. ఆడ బీపీనో, షుగరో, బరువో పట్టుకుని టెంపరరీ అన్‌ఫిట్ రాస్తే మూడు నెలలు గల్లంతు. ఎయిర్‌లైన్ నోటిఫికేషన్ వచ్చి పది దినాలల్ల క్లోజ్ అయితది. గా దినం నీ లైసెన్స్, ఐఆర్, మెడికల్ మూడు గడువు లోపల ఉండాలె. మంచి పోరగాళ్లు ఆగమయ్యేది ఈడనే.

ఇన్‌స్ట్రక్టర్ అయితవా అంటే, అసిస్టెంట్ ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చెయ్యాలె. దానికి వేరే ట్రైనింగ్, వేరే టెస్ట్, పైసలు వేరే. సీపీఎల్ రాంగనే అర్హత ఉన్నదా లేదా అని డీజీసీఏ నిబంధనలు, సీఏఆర్ సెక్షన్ 7ల అనుభవం గంటలు చదువుకుని రా. ఎవడో చెప్పిండని పోకు. జీతం గొప్పగ ఉండది, గనీ దినాం ఎగురుతవు. లెక్చర్ ఇచ్చి ఇచ్చి థియరీ పదునెక్కుతది. ఏటీపీఎల్ గంటలల్ల జమైతది. ఇంటర్వ్యూల గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగితే జవాబు ఉంటది. ఒక చిక్కు ఉన్నది: స్కూళ్లు రెండేండ్ల బాండ్ రాయించుకుంటయి. నడుమ ఎయిర్‌లైన్ పిలిస్తే ఎంత కట్టి పోవాలెనో ముందే కాయితం మీద రాయించుకో.

ఇంకో మాట. పార్కర్ పెన్ గంటల (ఎగరకుండనే లాగ్‌బుక్‌ల రాసుకునే దొంగ గంటలు) జోలికి పోకు. "పది గంటలు రాస్తం, పైసలు ఇయ్యి" అనేటోళ్లు ఇంకా ఉన్నరు. 2011ల నకిలీ లైసెన్సుల కేసు బయటపడ్డంక డీజీసీఏ చూసుడు వేరే తీరు. నీ లాగ్‌బుక్‌ని విమానం జర్నీ లాగ్‌తోని, టవర్ రికార్డ్‌తోని, ఫ్యుయెల్ లెక్కతోని కలిపి చూస్తరు. ఒక్క ఎంట్రీ తేడా వచ్చినా లైసెన్సే పోతది.

నాచారం_208

ఇద్దరికీ థాంక్స్. కన్సల్టెన్సీ అగ్రిమెంట్ మళ్లీ చదివాను. "అసిస్టెన్స్" అని మాత్రమే ఉంది, ఉద్యోగం రాకపోతే రీఫండ్ అన్న మాటే లేదు. ఎండార్స్‌మెంట్ ఊసు కూడా లేదు. ఎక్స్‌ట్రా సిమ్యులేటర్ సెషన్ పడితే ఫీజు "యాజ్ అప్లికబుల్" అంట.

ఇంట్లో మాత్రం ఘట్‌కేసర్ వైపు ఉన్న ప్లాట్ తాకట్టు పెట్టేద్దాం, ఎలాగైనా అయిపోనీ అంటున్నారు. దానిమీద ఎవరైనా చెప్పగలరా? అలాగే సెలెక్షన్ టెస్టులు ఎలా ఉంటాయో కూడా.

ఈఎంఐ_లెక్క

ప్లాట్ మాట నేను చెప్తానండి.

మొదట అది ఏ లేఅవుటో చూడండి. గ్రామ పంచాయతీ లేఅవుట్ అయితే చాలా బ్యాంకులు తాకట్టు పెట్టుకోవు. హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ ఆమోదం ఉండాలి, లేకపోతే ఎల్ఆర్ఎస్ పూర్తయిన కాగితం చూపించాలి. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు సరిగ్గా లేకపోతే లీగల్ ఒపీనియన్ దగ్గరే ఆగుతుంది. అంటే ఇంట్లో అనుకున్నంత తేలిగ్గా అయ్యే పని కాకపోవచ్చు. అది మీకు మంచిదే.

రెండోది, టైప్ రేటింగ్‌ని విద్యారుణంగా ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. చివరికి పర్సనల్ లోనో, ప్రాపర్టీ మీద లోనో అంటగడతారు. విద్యారుణంలో ఉన్న మారటోరియం (వాయిదాలు కట్టకుండా ఇచ్చే గడువు) వాటిలో ఉండదు, వచ్చే నెల నుంచే ఈఎంఐ. విద్యారుణం వడ్డీ మీద ఉండే ఆదాయపు పన్ను మినహాయింపు కూడా వాటికి వర్తించదు.

ఇప్పుడు లెక్క. 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుందాం. 30 లక్షలకి నెలకి సుమారు 41,300. 50 లక్షలకి సుమారు 68,900. అంటే ఆ 20 లక్షలు మీ నెత్తిన పెట్టేది నెలకి 27,500. ఉద్యోగం వచ్చాక అది పెద్ద లెక్క కాదు. ఉద్యోగం లేని రెండేళ్లు ఉంటేనే సమస్య. ఆ రెండేళ్లలో 20 లక్షల మీద వడ్డీ ఒక్కటే సుమారు 4.15 లక్షలు.

అదే డబ్బుని ఇంకోలా చూడండి. ఐఆర్ రెన్యువల్, మెడికల్, చేయి మర్చిపోకుండా కొన్ని గంటల ఫ్లయింగ్, ప్రిపరేషన్ కోర్సు, ఇంటర్వ్యూ ప్రయాణాలు, అన్నీ అందులో రావచ్చు. కాబట్టి అప్పు చేయాల్సి వస్తే ఖాళీ కాలంలో లైసెన్సుని బతికించుకోవడానికి చేయండి.

మారటోరియం ఉన్న 30 లక్షల మీద వడ్డీ కూడా నెలకి 27,500 పడుతూనే ఉంది, గమనించారా? ట్యూషనో, పార్ట్‌టైమ్ పనో చేసి అందులో సగమైనా కడుతుంటే అప్పు పెరగడం సగానికి తగ్గుతుంది. కట్టకపోతే మారటోరియం అయ్యే రోజుకి ఆ వడ్డీ అంతా అసలులో కలుస్తుంది.

వీవన్_రొటేట్

సెలెక్షన్ గురించి. కంపెనీని బట్టి వరస మారుతుంది, కానీ దశలు దాదాపు ఇవే: ఆన్‌లైన్ అప్లికేషన్, రాత పరీక్ష, కంప్యూటర్ మీద ఆప్టిట్యూడ్, గ్రూప్ టాస్క్, ఇంటర్వ్యూ, కొన్నిచోట్ల సిమ్యులేటర్ చెక్. ఎక్కువమంది పోయేది రాత పరీక్షలో. డీజీసీఏ పేపర్లు 70 శాతంతో పాసయిన రోజు నుంచి పుస్తకం మూసేస్తారు. క్వశ్చన్ బ్యాంకు బట్టీ పట్టి పాసైనవాళ్లు ఎయిర్‌లైన్ పేపర్ ముందు కూర్చుంటే మూడో ప్రశ్నకే తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూలో పెన్ను, కాగితం లేకుండా అడుగుతారు. నమూనాకి కొన్ని ఇస్తున్నా, నోటితో చేసి చూడు.

శంషాబాద్ ఎలివేషన్ 2,024 అడుగులు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు. డెన్సిటీ ఆల్టిట్యూడ్ (ఆ వేడికి గాలి పలచన ఎంత ఎత్తుకి సమానమో) ఎంత? ప్రెషర్ ఆల్టిట్యూడ్ 2,000 అనుకో. అక్కడ ఐసా (ప్రామాణిక వాతావరణం) టెంపరేచర్ 15లోంచి 4 తీస్తే 11. తేడా 29 డిగ్రీలు. డిగ్రీకి 120 అడుగులు, అంటే 3,480. జవాబు దాదాపు 5,500 అడుగులు. ఇక్కడితో వదలరు. "అయితే ఏంటి?" అంటారు. ట్రూ ఎయిర్‌స్పీడ్ పెరుగుతుంది, టేకాఫ్ రోల్ పెరుగుతుంది, ఇంజిన్ థ్రస్ట్ తగ్గుతుంది, క్లైంబ్ గ్రేడియెంట్ పడిపోతుంది, బరువు తగ్గించాల్సి రావచ్చు. ఈ గొలుసు మొత్తం చెప్పినవాడికే మార్కు. 5,500 అని మాత్రం చెప్పినవాడు ఫార్ములా చదివాడని అర్థం.

రన్‌వే 27 (దిశ 270 డిగ్రీలు), గాలి 230 నుంచి 20 నాట్లు. క్రాస్‌విండ్ (అడ్డగాలి) ఎంత? కోణం 40, సైన్ 0.64, అంటే 13 నాట్లు ఎడమ నుంచి. హెడ్‌విండ్ 15. బేగంపేటలో, శంషాబాద్‌లో రన్‌వేలు 09/27 దిశలోనే ఉంటాయి, వానాకాలంలో పడమటి గాలి. నువ్వు రోజూ చూసిన పరిస్థితే కాబట్టి ఇలాంటి ప్రశ్నకి తడబడితే చాలా చెడ్డగా కనపడుతుంది.

34,000 అడుగుల నుంచి 4,000కి దిగాలి, ఎంత దూరంలో మొదలుపెడతావు? దిగాల్సింది 30 వేలు, మూడు రెట్లు 90 నాటికల్ మైళ్లు, వేగం తగ్గించడానికి ఇంకో పది కలుపు. మూడు డిగ్రీల గ్లైడ్ మీద గ్రౌండ్ స్పీడ్ 140 అయితే రేట్ ఆఫ్ డిసెంట్ అయిదు రెట్లు, 700. ఎదురుగాలి పెరిగి గ్రౌండ్ స్పీడ్ 120కి వస్తే 600. తడి రన్‌వే మీద టైర్ ప్రెషర్ 200 పీఎస్ఐ అయితే ఎక్వాప్లేనింగ్ (టైరు నీటి మీద తేలి జారడం) స్పీడ్ ఆ ప్రెషర్ వర్గమూలానికి తొమ్మిది రెట్లు, 127 నాట్లు. క్యాట్ 1 మినిమా (పరికరాల సాయంతో దిగడానికి కనీస హద్దులు): డిసిషన్ హైట్ 200 అడుగులు, ఆర్‌వీఆర్ (రన్‌వే మీద కనపడే దూరం) 550 మీటర్లు.

సెస్నా మీద నేర్చుకున్నవాళ్లు వదిలేసేది జెట్ పాఠం. స్వెప్ట్ వింగ్, డచ్ రోల్, మ్యాక్ టక్, ఎత్తుకి వెళ్లేకొద్దీ స్టాల్ స్పీడ్‌కీ హద్దు మ్యాక్‌కీ మధ్య సందు ఎందుకు ఇరుకవుతుంది, వీవన్ (టేకాఫ్ ఆపడానికి చివరి వేగం) తర్వాత ఇంజిన్ పోతే ఎందుకు ఆగకూడదు. ఇవి సొంత మాటల్లో, తెలుగులో అయినా సరే, ఇంట్లోవాళ్లకి వివరించగలిగితే ఇంగ్లిష్‌లో కూడా చెప్పగలవు.

ఆప్టిట్యూడ్‌కి కంపాస్, అడాప్ట్ లాంటి పరీక్షలు వాడతారు. జాయ్‌స్టిక్‌తో ట్రాకింగ్, మెంటల్ మ్యాథ్స్, షార్ట్ మెమరీ, దిక్కు గుర్తుపట్టడం, ఒకేసారి రెండు మూడు పనులు. చేయి అలవాటు పడటానికి ఒక మామూలు జాయ్‌స్టిక్ కొనుక్కుని వారాల తరబడి రోజూ అరగంట చెయ్యి. ముందు రాత్రి కూర్చుంటే వచ్చే విద్య కాదు.

సిమ్యులేటర్ చెక్ పడితే ఆటోపైలట్, ఫ్లయిట్ డైరెక్టర్ లేకుండా రా డేటా (నేరుగా పరికరాల రీడింగులు) మీద ఎగరమంటారు. ఎత్తు 100 అడుగుల లోపు, హెడింగ్ అయిదు డిగ్రీల లోపు నిలపగలగాలి. జెట్ నీకు రాదని వాళ్లకి తెలుసు. చూసేది ఒక్కటే: తప్పు చెప్పాక రెండో సారి సరిచేసుకుంటున్నావా లేదా.

గ్రూప్ టాస్క్‌లో అందరికన్నా ఎక్కువ మాట్లాడి పోయినవాళ్లే ఎక్కువ. గడియారం చూసి "మనకి నాలుగు నిమిషాలే ఉంది, ఇది తేల్చేద్దాం" అన్నవాడిని రాసుకుంటారు.

టర్బోప్రాప్

అందరూ ఎ320 చుట్టూనే తిరుగుతున్నారు. చిన్న విమానాల సంగతి కూడా చెప్పాలిగా.

ఏటీఆర్ మీద ఫస్ట్ ఆఫీసర్ అయితే ఒకరోజులో నాలుగైదు ల్యాండింగులు, చిన్న రన్‌వేలు, వాతావరణంలోంచి ఎగరడం. చేయి తిరుగుతుంది. గంటలు 1,500 వైపు నడుస్తాయి. చార్టర్ కంపెనీల్లో కింగ్ ఎయిర్, కారవాన్ లాంటివి ఉంటాయి. అక్కడ నోటిఫికేషన్ రాదు. ఆపరేటర్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంది, ఒక్కొక్కరి ఆపరేషన్స్ విభాగానికి రెజ్యూమె పంపాలి, కుదిరితే నేరుగా కలవాలి. బేగంపేటలో రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా జరిగినప్పుడు ఈ ఆపరేటర్లంతా ఒకే చోట దొరుకుతారు. విమానాలతో సెల్ఫీలు దిగడానికి కాకుండా అందుకు వెళ్లాలి.

చార్టర్‌లో లోటు కూడా చెప్తా. టైమ్ టేబుల్ లేదు, జీతం సమయానికి పడుతుందో లేదో కంపెనీని బట్టి, గంటలు నెలకి ముప్పై కూడా పడకపోవచ్చు. బాండ్‌లో ఏముందో చదవకుండా సంతకం పెట్టకు. ఒకసారి చేరాక నోటీస్ పీరియడ్ కూడా చిన్నది కాదు. 2017 డీజీసీఏ నిబంధన ప్రకారం ఎయిర్‌లైన్లలో ఫస్ట్ ఆఫీసర్‌కి ఆరు నెలలు, కమాండర్‌కి ఏడాది.

కుడిసీటు

టర్బోప్రాప్ గారితో ఒక్కచోట విభేదం. కింగ్ ఎయిర్ టైప్ కూడా సొంత డబ్బుతో చేసుకుని రమ్మనే ఆపరేటర్లు ఉన్నారు. ఎ320 కన్నా చవకే. కానీ ఆ టైప్ మీద సీట్లు దేశం మొత్తం లెక్కపెట్టినా కొన్నే. ఆపరేటర్ లెటర్ లేకుండా అది కూడా వద్దు. సూత్రం రెండింటికీ ఒకటే. మిగతాదంతా ఒప్పుకుంటా, ఏటీఆర్ మీద వచ్చిన చేయి ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

టర్బోప్రాప్

సరే, ఆ లెటర్ మాటకి నేనూ ఓకే.

ఫైలు_పని

ఎవరూ కాగితాల గురించి చెప్పలేదు. మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి ఇంటిపేరు. ఎస్ఎస్‌సీ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పేరు తర్వాత వస్తుంది. డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలో ఒకలా, ఎయిర్‌లైన్ ఫారంలో ఇంకోలా పడితే వెరిఫికేషన్ దగ్గర ఫైలు ఆగుతుంది. ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడే అన్నీ పాస్‌పోర్టు ప్రకారం ఒకేలా చేయించు. ఆధార్ సరిచేయడం తేలిక. ఎస్ఎస్‌సీ మెమో మార్చడం కష్టం, కాబట్టి తేడా ఉంటే "ఇద్దరూ ఒక్కరే" అని అఫిడవిట్, అవసరమైతే గెజిట్ ప్రకటన సిద్ధంగా ఉంచుకో.

ఇంటర్ మార్కుల నిజనిర్ధారణ లెటర్ నాంపల్లి బోర్డు ఆఫీసు నుంచి ఒకటికి రెండు కాపీలు తెచ్చి పెట్టుకో. డీజీసీఏ పరీక్షల కంప్యూటర్ నంబర్ కోసం ఒకసారి తెచ్చి ఉంటావు, ఎయిర్‌లైన్ మళ్లీ అడుగుతుంది. మ్యాథ్స్, ఫిజిక్స్ మార్కుల శాతం కూడా చూస్తారు. కొన్ని ప్రకటనల్లో 50 శాతం దాటాలని ఉంటుంది.

ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పాస్‌కి పోలీస్ వెరిఫికేషన్ తప్పదు. బండి యాక్సిడెంట్ ఎఫ్ఐఆర్ పెండింగ్‌లో ఉన్నా అక్కడ కనపడుతుంది. అలాంటిది ఏదైనా ఉంటే ఫారంలో దాచకుండా రాయి. దాచింది బయటపడితే కేసు కన్నా అదే పెద్ద తప్పు అవుతుంది.

ఫైలులో ఉండాల్సినవి: సీపీఎల్, ఎఫ్ఆర్‌టీఓఎల్, ఆర్‌టీఆర్ (రేడియోలో మాట్లాడటానికి అర్హత కాగితాలు), ఇంగ్లిష్ ప్రొఫిషియన్సీ, క్లాస్ 1, ఐఆర్ చెక్ రిపోర్ట్, లాగ్‌బుక్ ప్రతి పేజీ స్కాన్, పాస్‌పోర్టు. లాగ్‌బుక్ మొత్తాలు పేజీ పేజీకి కూడి చూసుకో. ముందు పేజీ మొత్తం కింది పేజీకి తప్పుగా మోసుకొచ్చి, చివర 208 అని రాసి, కూడితే 206 రావడం చాలా మామూలు. ఎయిర్‌లైన్ ముందు ఆ తేడా వస్తే నిజాయితీ మీద అనుమానం వస్తుంది. తప్పు దొరికితే ఒక్క గీత కొట్టి, సరిచేసి, చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ సంతకం, తేదీ వేయించు. వైట్‌నర్ పూయకు.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బడిగే ఏజెంట్ల గురించి ఒక్క ముక్క. ఏ ఎయిర్‌లైనూ ఇంటర్వ్యూకి "సెక్యూరిటీ డిపాజిట్" అడగదు. మెయిల్ ఐడీ కంపెనీ డొమైన్‌తో లేకపోతే అక్కడే డిలీట్.

నాచారం_208

చాలా క్లియర్‌గా ఉంది. కన్సల్టెన్సీకి వద్దని చెప్పేశాను, ప్లాట్ జోలికి వెళ్లడం లేదు. ఐఆర్ స్లాట్ రేపే అడుగుతాను. ఒక్క డౌట్: ఐఆర్ రెన్యువల్ సిమ్యులేటర్ మీద ఇస్తే చవక కదా, విమానం మీదే ఇవ్వాలా?

బేగంపేట_బ్రీఫింగ్

డీజీసీఏ అప్రూవల్ ఉన్న సిమ్యులేటర్ అయితే నడుస్తది, గనీ ఆ డివైస్‌కి ఐఆర్ చెక్ అప్రూవల్ ఉన్నదా, గడువు ఎప్పటిదాకా ఉన్నదో కాయితం అడిగి చూడు. ఎగ్జామినర్ ఎవరో గూడ ముందే పేరు తీస్కో. ఏది తీస్కున్నా చెక్‌కి ముందు రెండు సెషన్లు హోల్డింగ్ ఎంట్రీలు, సింగిల్ ఇంజిన్ ఐఎల్ఎస్ (ఒక్క ఇంజిన్‌తోని రేడియో సిగ్నల్ పట్టుకుని దిగుడు), మిస్డ్ అప్రోచ్ (దిగకుండ మళ్ల పైకి లేసుడు) కొట్టు. ఖాళీగ ఉన్నోళ్లు ఫెయిలయ్యేది మిస్డ్ అప్రోచ్ కాడ్నే, పవర్ పెట్టి పిచ్ మర్చిపోతరు. రేపు పదకొండింటికి ముందే ఫోన్ జెయ్యి, తర్వాత అందరు ఫ్లయింగ్‌ల ఉంటరు.